అవే గేమ్‌కి ముందు కోచ్ తీరు అంచనా కట్టడం ఎలా

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ అభిమానులు అవే గేమ్‌కి (ఎదుటివాళ్ల మైదానంలో ఆడే ఆటకి) ముందు నలుగురు కలిశారంటే, మాట ఎక్కడ మొదలైనా కోచ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. "మనాయన మరీ జాగ్రత్త మనిషి", "వాళ్ల కోచ్ తెగించి ఆడిస్తాడు" అంటూ గంటలు గడిచిపోతాయి గానీ, శనివారం మైదానంలో ఏం జరగబోతోందో మాత్రం తేలదు. కోచ్ తీరు ప్రెస్ మీట్‌లో చెప్పే మాటల్లోనో, సైడ్‌లైన్ మీద వేసే కేకల్లోనో ఉండదు. ఫలానా చోట, ఇన్ని యార్డులు కావలసినప్పుడు ఏం చేశాడన్నదాంట్లో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక సాయంత్రం, ఒక కాగితం, గత నాలుగైదు ఆటల ప్లే-బై-ప్లే (ప్రతి ప్లేలో ఏం జరిగిందో రాసిన పట్టిక) ఉంటే చాలు.

ప్లే కాల్ చేసేది ఎవరు?

ముందు ఇది తేల్చుకోండి. చర్చంతా హెడ్ కోచ్ పేరు మీదే నడుస్తుంది గానీ, చాలా జట్లలో అఫెన్స్‌కీ (బంతి చేతిలో ఉన్న పక్షం) డిఫెన్స్‌కీ (దాన్ని ఆపే పక్షం) ప్లేలు, అంటే ఒక్కో ప్రయత్నానికి ఎత్తుగడలు, కాల్ చేసేది కోఆర్డినేటర్లనే సహాయ కోచ్‌లు. ఒహాయో స్టేట్ హెడ్ కోచ్ రయన్ డే 2024లో ప్లే కాలింగ్‌ను చిప్ కెల్లీకి అప్పగించాడు. ఆ సీజన్‌లోనే వాళ్లు జాతీయ టైటిల్ గెలిచారు. అంతకుముందు ఏడాది వీడియోలు చూసి ఆ అఫెన్స్‌ను అంచనా కట్టినవాళ్లు వేరే మనిషి ఆలోచనను చూసినట్టే లెక్క. కోఆర్డినేటర్ కొత్తవాడైతే అతను అంతకుముందు పనిచేసిన యూనివర్సిటీ ఆటలు చూడండి. ఫోర్త్ డౌన్‌లో (పది యార్డులు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో చివరిది) బంతిని తన్నేయకుండా వెళ్లాలా వద్దా, టైమ్ అవుట్లు, రెండు పాయింట్ల ప్రయత్నం, ఈ మూడూ మాత్రం దాదాపు ఎప్పుడూ హెడ్ కోచ్ చేతిలోనే ఉంటాయి. అందుకే కాగితాన్ని రెండు నిలువు భాగాలు చేసి, ఒకవైపు కోఆర్డినేటర్ లెక్కలు, రెండోవైపు హెడ్ కోచ్ లెక్కలు రాసుకోవాలి.

ఏ ఆటలు చూడాలన్నది కూడా ముఖ్యమే. చిన్న డివిజన్ జట్టు మీద 50 పాయింట్ల తేడాతో గెలిచిన ఆటను పక్కన పెట్టండి. ఫలితం తేలిపోయాక ఆడిన నాలుగో క్వార్టర్‌ను కూడా కొట్టేయండి. అక్కడ బెంచ్ మీదివాళ్లు ఆడుతుంటారు, కోచ్ గడియారం కరిగిస్తుంటాడు. మిగిలినవాటిలో అవే గేమ్‌లకు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. సొంత మైదానంలో ధైర్యంగా ఉండి, బయటికెళ్లగానే ముడుచుకుపోయే కోచ్‌లను పట్టించేవి అవే.

ఫోర్త్ డౌన్: తీరు బయటపడేది ఇక్కడే

మొత్తం ఎన్నిసార్లు ఫోర్త్ డౌన్‌లో వెళ్లాడన్న అంకె మోసం చేస్తుంది. రెండు టచ్‌డౌన్లు వెనకబడి, ఇక గత్యంతరం లేక వెళ్లినవన్నీ అందులో కలిసిపోతాయి. నాలుగో క్వార్టర్‌లో 9 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ వెనకబడి ఉన్నప్పటివి తీసేయండి. తర్వాత, సొంత 40 యార్డుల గీత నుంచి ఎదుటివాళ్ల 35 దాకా ఉన్న మధ్య భాగంలో, 1 నుంచి 3 యార్డులు కావలసిన సందర్భాలు మాత్రమే రాసుకోండి. నాలుగైదు ఆటల్లో ఇవి మహా అయితే పది, పదిహేను దొరుకుతాయి. తక్కువే అయినా, కోచ్‌కి నిజంగా ఎంచుకునే వీలున్న సందర్భాలు ఇవే.

ఉదాహరణకు బంతి ఎదుటివాళ్ల 38 దగ్గర ఉంది, ఫోర్త్ డౌన్, 2 యార్డులు కావాలి. ఫీల్డ్ గోల్ దూరం తెలియాలంటే గీత అంకెకు 17 కలపాలి. ఎండ్ జోన్ (గోల్ గీత వెనక భాగం) లోతు 10, బంతి పట్టుకునేవాడు వెనక్కి కూర్చునేది 7. అంటే 55 యార్డుల కిక్, కాలేజ్ కిక్కర్లలో ఎక్కువమందికి కష్టమైనది. పంట్ కొడితే (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు వదిలేస్తే), బంతి ఎండ్ జోన్‌లోకి వెళ్లిందా టచ్‌బ్యాక్, ఎదుటివాళ్లకు 20 దగ్గర బంతి. మనకు మిగిలింది 18 యార్డులు. ఈ లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ పంట్ కొట్టిన కోచ్‌ను జాగ్రత్తపరుడని ఊరుకోరు, ఎందుకు కొట్టాడని అడుగుతారు. డిఫెన్స్ అంత గట్టిదా, పంటర్ 10 లోపల పడేయగలడా, లేక అలవాటా?

థర్డ్ డౌన్ కూడా పక్కనే రాసుకోండి. ఇది చాలామంది వదిలేస్తారు. థర్డ్ డౌన్, 6 యార్డుల మీద రన్ ప్లే పిలిస్తే స్టాండ్స్‌లో గోల మొదలవుతుంది. కానీ ఆ కోచ్ అప్పటికే ఫోర్త్ డౌన్‌లో వెళ్లాలని నిర్ణయించుకుని, ఆరు యార్డులను రెండు ప్లేలకు పంచుతూ ఉండొచ్చు. వెంటనే ఫోర్త్ డౌన్‌లో వెళ్లాడా లేదా చూస్తే ఆ రన్‌కు అర్థం తెలిసిపోతుంది. రన్ పిలిచి, ఆపైన పంట్ కూడా కొడితే మాత్రం విమర్శ న్యాయమే.

తెగింపు గురించి వాదించేటప్పుడు 2023 అక్టోబర్‌లో ఒరెగాన్ సియాటిల్ వెళ్లి వాషింగ్టన్‌తో ఆడిన ఆట గుర్తు పెట్టుకోవాలి. కోచ్ డాన్ లానింగ్ ఒరెగాన్ జట్టు అప్పటికే ఎండ్ జోన్ దగ్గర ఫీల్డ్ గోల్స్ వదులుకుని వెళ్లి విఫలమైంది. చివర్లో 33–29తో ముందుండి, రెండు నిమిషాలకు కాస్త పైన సమయం ఉండగా, మైదానం మధ్యలో ఫోర్త్ డౌన్, 3 మీద మళ్లీ వెళ్లింది. పాస్ పడిపోయింది. వాషింగ్టన్ రెండే ప్లేల్లో టచ్‌డౌన్ కొట్టి 36–33తో గెలిచింది. ఓడింది కాబట్టి నిర్ణయం తప్పనడం సులువు. చర్చలో అడగాల్సింది వేరు. ఆ 3 యార్డులు వస్తే ఆట దాదాపు చేతికొచ్చినట్టే, మరి పంట్ కొట్టి ఆ రోజు అంత బాగా ఆడుతున్న పాసింగ్ అఫెన్స్‌కు బంతి ఇవ్వడం అంతకన్నా మేలా? చివరి నిర్ణయాన్ని సమర్థించవచ్చు. ముందు వదులుకున్న ఫీల్డ్ గోల్స్ గురించే అసలు వాదన జరగాలి.

హోరులో ప్లే కాల్ ఎలా చేరుతుంది

అవే గేమ్‌లో కోచ్ తీరుకు అసలు పరీక్ష హోరు. పెన్ స్టేట్, మిషిగన్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ లాంటి చోట్ల లక్షకు పైగా జనం. మిసిసిపి స్టేట్‌లో అయితే ఆవు గంటలు. సెంటర్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టేవాడు) బంతి మీదికి వంగాక వాటిని మోగించకూడదన్నది నిబంధన, అయితే అప్పటిదాకా మోగిన మోత చాలు.

అప్పుడు వాడేది సైలెంట్ కౌంట్, అంటే కేక లేకుండా సైగతోనే ప్లే మొదలుపెట్టడం. వీడియోను ఇక్కడ ఆపి ఆపి చూడండి. అఫెన్స్‌ను నడిపే క్వార్టర్‌బ్యాక్ షాట్‌గన్ ఫార్మేషన్‌లో సెంటర్‌కు ఐదు యార్డుల వెనక నిలబడతాడు. సెంటర్ పక్కనుండే గార్డ్ తల వెనక్కి తిప్పి అతన్నే చూస్తుంటాడు. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తి దించగానే గార్డ్ సెంటర్‌ను తడతాడు. సెంటర్ తలెత్తి, ఒక క్షణం ఆగి బంతి వెనక్కి పంపుతాడు. లైన్ చివర్లో ఉన్న టాకిల్‌కు ఏమీ వినపడదు, ఓరకంట బంతినే చూస్తూ అది కదిలాకే లేవాలి. అర అడుగు ఆలస్యమైనా ఎడ్జ్ రషర్ (చివరి నుంచి దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాడు) అతని భుజం దాటేస్తాడు. తొందరపడితే ఫాల్స్ స్టార్ట్, 5 యార్డుల పెనాల్టీ.

ఇందులో లెక్కపెట్టాల్సింది ఒకటే. సెంటర్ తల లేచిన తర్వాత బంతి ఎంతసేపటికి కదిలింది? ఇరవై స్నాప్‌లు (బంతి వెనక్కి అందించడాలు) చూస్తే ఇరవైసార్లూ అదే లయ ఉంటే, ఎదుటి డిఫెన్సివ్ లైన్ తల కదలికను చూసే దూకుతుంది. మంచి కోచ్ మధ్యమధ్య తల రెండుసార్లు ఎత్తిస్తాడు, ఆగే సమయం మారుస్తాడు. ఆ మార్పు సీజన్ మొదట్లోని అవే గేమ్‌లో కనిపించకపోతే, పెద్ద స్టేడియంలో ఒక్కసారిగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

రెండో లెక్క ప్లే క్లాక్, అంటే తర్వాతి ప్లే మొదలవ్వడానికి ఉన్న గడియారం. 2024 నుంచి పై డివిజన్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లోకి కోచ్ రేడియోలో మాట్లాడవచ్చు. ప్లే క్లాక్ మీద 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. కాబట్టి జట్టు లైన్ మీదికి వచ్చేసరికి క్లాక్ మీద ఎంత ఉందో ప్రతి ప్లేకీ రాసుకోండి. 18, 20 దగ్గరే వచ్చి నిలబడితే ఎదుటి ఫార్మేషన్ చూసి కోచ్ ఇంకా మార్పు చెప్పగలడు. 9, 10 దగ్గర వస్తే మార్పంతా క్వార్టర్‌బ్యాక్ చేతి సైగల మీదే. అనుభవం లేని క్వార్టర్‌బ్యాక్, ఆలస్యంగా కాల్ పంపే కోఆర్డినేటర్, నిండు స్టేడియం, ఈ మూడూ కలిస్తే టైమ్ అవుట్లు రెండో క్వార్టర్ మధ్యలోనే అయిపోతాయి. ఒక్కో సగానికి మూడే ఉంటాయి మరి.

వేగం

టెనెసీ కోచ్ జోష్ హ్యూపెల్ అఫెన్స్‌లో రిసీవర్లు దాదాపు బయటి గీత దాకా విడిగా నిలబడతారు, ప్లే కాగానే మళ్లీ ప్లే. డిఫెన్స్‌కు ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. ఇంకో చివర ఆర్మీ, నేవీల ఆప్షన్ ఆట, అంటే బంతి ఎవరు పట్టుకుని పరుగెత్తాలో క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు ఎంచుకునే ఆట. పరుగులతో గడియారం నడిపిస్తూ ఎదుటివాళ్లకు బంతే దొరకనివ్వదు. ఆప్షన్ జట్టు దగ్గరికి వెళ్తున్నారంటే, ముందు వారం మనవాళ్లకు ఆట ఉందా, బై వీక్ (ఆట లేని వారం) ఉందా చూడండి. ఆ బ్లాకింగ్‌ను ప్రాక్టీస్‌లో అనుకరించడం చాలా కష్టం, అదనపు రోజులు నిజంగా పనికొస్తాయి. పొజెషన్లు (బంతి చేతికొచ్చే అవకాశాలు) తగ్గినప్పుడు ఒక్క ఫంబుల్ (బంతి జారవిడవడం) ఖరీదు కూడా పెరుగుతుంది.

వేగాన్ని ఆటకు ఎన్ని ప్లేలన్న అంకెతో కొలవకండి. అది డిఫెన్స్ ఎంత త్వరగా బంతి తెచ్చిపెట్టిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ప్లేకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. అఫెన్స్ ఆటగాళ్లను మారిస్తే డిఫెన్స్‌కూ మార్చుకునే సమయం ఇవ్వాలన్నది నియమం. కాబట్టి వేగం కావాలంటే అవే పదకొండు మందితో ఆడాలి. వేగమైన జట్టు వరుసగా మూడు ప్లేల్లో విఫలమైతే దాని డిఫెన్స్ నిమిషం కూడా కూర్చోకుండా మళ్లీ మైదానంలోకి రావాలి. అవే గేమ్‌లో ఇది రెండుసార్లు వరుసగా జరిగితే ఆట చేజారుతుంది.

ప్రయాణం గురించి రెండు మాటలు. పసిఫిక్ తీరం జట్టు తూర్పుకు వెళ్లి మధ్యాహ్నం 12కి ఆడితే ఆటగాళ్ల ఒంటికి అది ఉదయం 9. వయోమింగ్ స్టేడియం 7,220 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ కిక్ మామూలుకన్నా ఎక్కువ దూరం వెళ్తుంది, ఊపిరి త్వరగా అందకుండా పోతుంది.

ముద్ర వేసే ముందు

అలబామా మాజీ కోచ్ నిక్ సేబన్‌ను డిఫెన్స్ మనిషి, రిస్క్ తీసుకోడు అనేవాళ్లు చాలామంది. 2016 జనవరిలో క్లెమ్సన్‌తో జాతీయ ఫైనల్. నాలుగో క్వార్టర్, స్కోరు 24–24. అలబామా ఆన్‌సైడ్ కిక్ (తామే మళ్లీ పట్టుకునేలా కొట్టే చిన్న కిక్) కొట్టి బంతి దక్కించుకుంది, 45–40తో గెలిచింది. క్లెమ్సన్ ఆటగాళ్లు ఒక పక్కకు దగ్గరగా నిలబడుతున్నారని ముందే గమనించారు. చూడ్డానికి జూదంలా కనిపించినా, దాని వెనక ఉన్నది హోమ్‌వర్క్. అందుకే కాగితం మీద "దూకుడు", "భయం" అని రాయకండి. "సమంగా ఉన్నప్పుడు, మధ్య మైదానంలో, 2 యార్డులకు: 5 సార్లలో 4 సార్లు వెళ్లాడు" అని రాయండి.

శుక్రవారం అందరూ కూర్చున్నప్పుడు ఒక్కొక్కరూ విడిగా ఐదు జవాబులు రాసి మడిచి పెట్టండి. మొదటి ఫోర్త్ డౌన్, 2 మీద వెళ్తాడా? ఫాల్స్ స్టార్ట్‌లు ఎన్ని? ఫస్ట్ హాఫ్‌లో టైమ్ అవుట్లు ఎన్ని మిగులుతాయి? ఫస్ట్ డౌన్ రన్‌లు సగం దాటుతాయా? టాస్ గెలిస్తే రెండో సగానికి వాయిదా వేస్తాడా? మొదటి రెండు డ్రైవ్‌లను (బంతి చేతికొచ్చాక వరుసగా ఆడే ప్లేలు) చూసి ఎవరూ గెలిచామనుకోవద్దు. చాలామంది కోఆర్డినేటర్లు మొదటి 15 ప్లేలు ముందే రాసుకుని వస్తారు. ఆ స్క్రిప్ట్ అయిపోయాక, మూడో డ్రైవ్‌లో ఫస్ట్ డౌన్ మీద ఏం పిలిచాడో అక్కడి నుంచి టిక్కులు పెట్టడం మొదలుపెట్టండి.