వరదల్లో ఉమ్మడి మ్యాపు – మూడో పాఠం: పిన్ను వెనకాల వరుస

వరదలో చిక్కుకున్నవాళ్లు ఎక్కడున్నారో చూపే మ్యాపు కోసం పోయిన పాఠంలో గూగుల్ షీట్ ఒకటి తెరిచి, దాన్ని మై మ్యాప్స్‌లోకి (సొంత మ్యాపులు తయారుచేసుకునే గూగుల్ సాధనం) ఎక్కించాం. షీట్‌లో ఒక్కో వరుస మ్యాపు మీద ఒక్కో పిన్ను అవుతుంది. నాలుగు ఎర్ర పిన్నులు కనబడగానే పనైపోయినట్టు అనిపిస్తుంది. అసలు పని ఇప్పుడే మొదలు. ఈ పాఠం చాలావరకు షీట్‌లోనే గడుస్తుంది, మ్యాపు జోలికి చివర్లో వెళ్దాం.

సాధనకి 2024 సెప్టెంబరు నాటి విజయవాడ తీసుకుందాం. 1వ తేదీన బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మునిగాయి. వాగు గట్టుకి పడిన మూడో గండి పూడ్చేసరికి 7వ తేదీ వచ్చింది. అంటే నీళ్లు ఒక్కరోజులో తీసిపోలేదు. అందుకే అక్కడి మ్యాపులో తేదీ లేని పిన్ను పనికిరాకపోవడమే కాదు, చేటు కూడా చేస్తుంది. ఆదివారం నాటి కేకకి బుధవారం పడవ వెళ్తుంది. బుధవారం కేక వేసినవాళ్లు మేడమీదే ఉండిపోతారు.

ఇలాంటి మెసేజ్ ఒకటి వచ్చిందనుకోండి. నేను కల్పించిందే, కానీ ఇలాంటివి మీ ఫోన్లోనూ వచ్చే ఉంటాయి:

“అర్జెంట్! పైపుల రోడ్డు దగ్గర మా పిన్నివాళ్లు మేడమీద ఇరుక్కుపోయారు. పొద్దుట్నుంచి నీళ్లు లేవు. చంటిపాప ఉంది. ప్లీజ్ షేర్.”

దీన్ని షీట్‌లో ఒక వరుసగా మార్చాలి. ముందు అడగాల్సింది, ఏ రోజు పొద్దుట్నుంచి? “ఇప్పుడే”, “పొద్దున్నే” అనే మాటలు గడిలో రాయొద్దు. 02-09-2024, 14:20 అని రాయండి. రెండు గడులు పెట్టండి: కబురు అందిన సమయం ఒకటి, చివరిసారి వాళ్లతో మాట్లాడిన సమయం ఒకటి. రెండోదే ముఖ్యం.

ఇక “నీళ్లు లేవు” అన్నమాట. మనకి తాగేనీళ్లని ఇట్టే తెలిసిపోతుంది. తెలుగు రాని వాలంటీరు దాన్ని మెషీన్ అనువాదంలో చదివితే, అక్కడ వరద లేదనుకునే ప్రమాదముంది! 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు 4636 అనే నంబరుకి జనం ఎస్సెమ్మెస్‌లు పంపారు. ఎక్కువ భాగం అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్ భాషలో ఉండేవి. వాటిని చదివి, ఇంగ్లిష్‌లోకి మార్చి, ఏ వీధో గుర్తుపట్టింది ఎక్కువగా విదేశాల్లో ఉన్న హైతీవాళ్లే. డాలస్‌లోనో దుబాయ్‌లోనో కూర్చుని “నేనేం చేయగలను” అని టెన్షన్ పడే తెలుగువాళ్లకి ఇంతకంటే మంచి పని లేదు. మెసేజ్ షేర్ చేయడం మానేసి, దాన్ని వరుసగా మార్చి పెట్టండి.

లోతు గడి తప్పకుండా ఉండాలి. ఇక్కడ అడుగులూ మీటర్లూ అడగొద్దు, మేడమీంచి ఎవరూ కొలవలేరు. మోకాలిలోతు, నడుములోతు, పీకలలోతు అన్నవి చాలు. మోకాలిలోతుకి ట్రాక్టరు వెళ్తుంది, పీకలలోతైతే పడవ కావాలి. నడుములోతు దగ్గరే చిక్కు. ఆ ఇంటిదాకా ట్రాక్టరు వస్తుందో రాదో అక్కడున్న మనిషినే అడగాలి. దీనితోపాటు ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఏం కావాలి అన్నవి వేరు వేరు గడుల్లో వేయండి. అన్నీ కలిపి ఒకే గడిలో కథలా రాస్తే తర్వాత వడపోయలేం.

చోటు సంగతి. “లొకేషన్ పంపు” అంటే హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు తన లొకేషనే పంపుతాడు. తప్పు అతనిది కాదు, అడగడం మనకి రాలేదు. “పిన్నిగారి ఇంటిమీద వేలు నొక్కిపట్టి, వచ్చిన అంకెలు పంపు” అనాలి. గూగుల్ మ్యాప్స్‌లో చోటుమీద నొక్కిపట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి. దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలుంటే ఇంచుమించు నూరు మీటర్ల తేడా రావచ్చు, అంటే పక్క వీధి. అయిదు అంకెలుంటే ఇంటి గుమ్మం. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేయకండి. విజయవాడ 16.5, 80.6 దగ్గరుంటుంది. తిరగేస్తే మీ పిన్నిగారు ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్‌కి ఉత్తరాన తేలతారు. నవ్వు వస్తుంది గానీ, హడావుడిలో ఇది చాలామంది చేసే పొరపాటే.

ఆఖరి గడి స్థితి. నాలుగే మాటలు: కొత్తది, మాట్లాడాం, బయల్దేరారు, అందింది. టైపు చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి. లేకపోతే ఒకరు “అందింది”, ఇంకొకరు “ఓకే”, మరొకరు “డన్ అన్నా” అని రాస్తారు. ఎర్ర పిన్నులు కిక్కిరిసిన మ్యాపు చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. అక్కడ అవసరం ఎక్కువుందా, లేక సాయం అందాక పిన్ను మూసేవాళ్లు లేరా? పది మంది పిన్నులు పెడుతుంటే కనీసం ముగ్గురు వాటిని మూసే పనిలో ఉండాలి. ఫోన్ చేయడం, మాట్లాడడం, రంగు మార్చడం. ఎవరికీ పేరురాని పని ఇది.

ఇప్పుడు మ్యాపు. మై మ్యాప్స్‌లో లేయర్ (షీట్ నుంచి వచ్చిన పిన్నుల పొర) శైలిని “స్థితి” గడి ప్రకారం మార్చండి, ఒక్కో మాటకి ఒక్కో రంగు వస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి, షీట్‌లో మార్పు చేసినంత మాత్రాన మ్యాపు దానంతటది మారదు. లేయర్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేయాలి. గంటకోసారి ఆ పని చేసే మనిషిని ఒకరినే పెట్టుకోండి. మ్యాపు పేరులోనే ఆ సమయం రాయించండి: “14:00 నాటికి”.

ఫోన్ నంబర్లు, పేర్లు ఆ షీట్‌లో వద్దు. మై మ్యాప్స్‌లో పిన్ను నొక్కితే వరుసలోని గడులన్నీ బయటపడతాయి. ఒంటరిగా ఉన్న ముసలావిడ చిరునామా, నంబరు ఊరందరికీ చూపించినట్టే. వాటికి వేరే షీట్ పెట్టి, వరుస నంబరుతో కలపండి. ఆ షీట్ ఫోన్ చేసేవాళ్లకే తెరవాలి.

అభ్యాసం: మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఏదో ఒక పాత వరద మెసేజ్ వెతకండి. దాన్ని వరుసగా మార్చండి. ఖాళీగా మిగిలిన గడులు లెక్కపెట్టి, ఆ ఖాళీలు నింపడానికి మీరు ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు రాయండి. ప్రశ్నలు అయిదు దాటకూడదు. అవతల ఫోన్లో చార్జింగ్ అంతే ఉంటుంది.

వచ్చే పాఠంలో ఒకే ఇంటికి మూడు వరుసలు వచ్చినప్పుడు ఏది ఉంచాలో, ఏది కలపాలో చూద్దాం.