పెంకుటిల్లు కారుతుంటే ఎలా బాగుచేయాలి?

ఇంట్లో చుక్క పడేచోటికి సరిగ్గా పైనున్న పెంకు మార్చేసి, మళ్ళీ వానకు అక్కడే కారుతోందని తల పట్టుకునేవాళ్ళు చాలామంది. సందులోంచి దిగిన నీరు నేరుగా కిందపడదు. పెంకు అడుగునో, వాసం వెంటనో జారి, ఏ మేకో ముడో అడ్డొచ్చిన చోట చుక్కగా రాలుతుంది. అందుకే అసలు లోపం చుక్క పడేచోటికి పైన, కొప్పు (రెండు వాలులు పైన కలిసే చోటు) వైపు ఉంటుంది. రెండు మూడడుగులు పైకి ఉండటం మామూలే. కొప్పు దగ్గర సందుంటే నీళ్ళు సగం వాలు దిగి వచ్చాక కనబడినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా బెంగుళూరు పెంకుల కప్పు గురించి. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన, అంచుల్లో గాడులున్న పలక పెంకులివి, మంగళూరు పెంకులన్నా ఇవే. నాటు పెంకుల సంగతి చివర్లో ఉంది.

కారేచోటు పట్టుకోవడం

వాన పడుతున్నప్పుడే పని మొదలుపెట్టాలి, అదీ లోపలినుంచి. టార్చిలైటు వేసి తడి చారను కిందనుంచి పైకి చూసుకుంటూ వెళ్ళండి. తడి ఎక్కడ మొదలైందో అక్కడ రీపరు (వాసాల మీద అడ్డంగా కొట్టిన, పెంకులు తగులుకునే చెక్కపట్టీ) మీద సుద్దముక్కతో గీత పెట్టండి. తర్వాత చూరునుంచి అది ఎన్నో వరస, పక్కగోడనుంచి ఎన్నో పెంకు అని లెక్కపెట్టి రాసుకోండి. పైకెక్కాక అన్ని పెంకులూ ఒకేలా కనబడతాయి, ఈ లెక్క లేకపోతే వెతుకులాటే.

వానలు లేని రోజుల్లో అయితే మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి పైకి చూడండి. పెంకు పగుళ్ళు, జారిన చోట్లు వెలుగు చుక్కల్లా తెలుస్తాయి. పెంకూ పెంకూ కలిసేచోట సన్నని వెలుగు గీత ఉండటం సహజమే, దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు. పెంకు మధ్యలో వెలుగు కనిపిస్తే మాత్రం అది పగులే.

ఇంకా తేలకపోతే నీళ్ళ పరీక్ష చేయాలి. ఒకరు పైన పైపుతో, ఒకరు లోపల టార్చితో ఉండాలి. చూరునుంచి మొదలుపెట్టి రెండేసి వరసలు, ఒక్కో విడతకు పది నిమిషాల చొప్పున తడుపుతూ పైకి వెళ్ళండి. ముందే కొప్పు మీద పోస్తే వాలంతా తడిసిపోయి ఏమీ తెలియదు. పైపును పట్టుకుని కిందనుంచి పైకి చిమ్మకూడదు. అలా చిమ్మితే బాగున్న కప్పు కూడా కారుతుంది.

ఎక్కే ముందు

తడిసిన పెంకు మీద, పాకుడు పట్టిన పెంకు మీద కాలు పెట్టొద్దు. ఒంటరిగా ఎక్కొద్దు. చూరు పక్కనుంచి కరెంటు సర్వీసు తీగ వెళుతుంటే కరెంటు ఆఫీసుకు చెప్పి స్తంభం దగ్గరే సరఫరా ఆపించుకోండి, ఇంట్లో మెయిన్ ఆపినా ఆ తీగలో కరెంటు ఉంటుంది. ఇనప నిచ్చెన కన్నా వెదురు నిచ్చెన మంచిది. పెంకుల మీద నేరుగా నడవకుండా, ఇంకో నిచ్చెనను వాలు మీద పడుకోబెట్టి, దాని పైకొసను తాడుతో కొప్పుకు అవతలి వైపు గట్టి దూలానికి కట్టి, మెట్ల మీదుగా కదలండి. తప్పనిసరై పెంకు మీద అడుగు వేయాల్సి వస్తే, కింది అంచు దగ్గర, అంటే రెండు పెంకులు ఒకదానిమీదొకటి వచ్చి అడుగున రీపరు ఉన్నచోట వేయాలి. పెంకు నడుం మీద వేస్తే ఒకటి బాగుచేయబోయి నాలుగు పగలగొట్టినట్టే.

పెంకు కింద చెయ్యి దూర్చేముందు కర్రతో తట్టండి. తేళ్ళు, జెర్రులు, కందిరీగల పట్టులు ఉండే చోటది.

రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకుంటే పొద్దున పదిలోపు ముగించాలి, ఆ తర్వాత పెంకు కాలుతుంది. మృగశిర వచ్చాక పనివాళ్ళు దొరకరు. కోస్తా జిల్లాలవాళ్ళు తుఫాన్ల కాలానికి ముందు, సెప్టెంబరులో మరోసారి కప్పంతా చూసుకోవాలి.

పగిలిన పెంకు మార్చడం

పెంకులు పగలడానికి ఈ రోజుల్లో ఒక పెద్ద కారణం కోతులు. ఇంకా కొబ్బరికాయలు, మామిడికాయలు, పిల్లలు విసిరే రాళ్ళు. పెంకు మార్చడం పది నిమిషాల పని. సరైన పెంకు సంపాదించడమే కష్టం.

బెంగుళూరు పెంకులన్నీ ఒకటి కావు. సుమారు 16 అంగుళాల పొడవు, 9 నుంచి 10 అంగుళాల వెడల్పు ఉన్నా, ఫ్యాక్టరీని బట్టి గాడి లోతు, అంచు మందం మారతాయి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా చాలు, పక్క పెంకు కూర్చోక నీళ్ళు దిగడానికి. అందుకని పాత పెంకు వెనక అచ్చువేసిన ఫ్యాక్టరీ పేరు చూసి, అదే పేరున్నది పాత ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మేచోట వెతకండి. మంగళూరు బాసెల్ మిషన్ పెంకుల మీద 1865 అని ఉంటుంది. అది ఫ్యాక్టరీ పెట్టిన ఏడు, పెంకు వయసు కాదు. పాతదని ఎక్కువ ధర చెబితే నమ్మక్కర్లేదు.

కొనేటప్పుడు పెంకును ఒక చేత్తో వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే కంటికి కనబడని పగులుందనో, సరిగ్గా కాలలేదనో అర్థం. సరిగ్గా కాలని పెంకు నీళ్ళు పీల్చి అడుగున చెమర్చుతుంది. అది పగుళ్ళులేకుండానే కారుతుంది, దాన్ని మార్చడం తప్ప మందు లేదు.

మార్చే వరస ఇది:

1. పగిలిన పెంకుకు పైవరసలో ఉన్న రెండు పెంకుల కింది అంచుల్ని కొద్దిగా పైకెత్తి, అడుగున చెక్క చీలికలు దూర్చండి. పక్కనుంచి దాని అంచు మీదికి వచ్చిన పెంకును కూడా అలాగే ఎత్తిపెట్టండి.
2. పగిలిన పెంకును కొంచెం పైకి లేపితే వెనక ముక్కులు రీపరునుంచి విడిపడతాయి. అప్పుడు మీ వైపు కిందికి లాగండి. ముక్కలైతే ఇంట్లోకి పడకుండా లోపల ఒకరు పట్టుకోవాలి.
3. ఖాళీలో కనబడే రీపరును స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెదో చీకుడో ఉన్నట్టు. రీపరు మార్చకుండా పెంకు పెడితే రేపు అదీ జారుతుంది.
4. గాడుల్లో మట్టి, ఆకులు, పాకుడు కుంచెతో తుడిచేయండి.
5. కొత్త పెంకును కిందినుంచి పైకి తోసి, ముక్కులు రీపరు మీద తగులుకునేదాకా జరపండి. పక్క గాడి కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, చీలికలు తీయండి. పై పెంకు దీనిమీదికి సుమారు మూడంగుళాలు రావాలి.

పెంకు బాగానే ఉండి జారిందంటే వెనక ముక్కు విరిగి ఉంటుంది, లేదా రీపరు మేకు ఊడి ఉంటుంది. ముక్కు విరిగిన పెంకును మళ్ళీ వాడొద్దు.

రీపరు మార్చాల్సి వస్తే రెండు వరసల పెంకులు దించి, పాతదాని మందం, వెడల్పులకే కొత్తది కొట్టండి. దూరం పుస్తకం చూసి కాదు, పక్కనున్న రీపర్లు కొలిచి పెట్టాలి. మామూలుగా పన్నెండున్నర అంగుళాలుంటుంది. అతుకు తప్పకుండా వాసం మీదే రావాలి. చూరు దగ్గరి చివరి రీపరు మిగతావాటికన్నా అరంగుళం, ముప్పావంగుళం మందంగా ఉండాలి, ఎందుకంటే ఆ వరస పెంకుకు ఆసరాగా కింద ఇంకో పెంకు ఉండదు. ఇది మరిచిపోతే చివరి వరస ముందుకు వాలి పైన సందు తెరుచుకుంటుంది.

పెంకులన్నీ బాగున్నా కారుతుంటే

మొదట గాడులు చూడండి. వేపాకు, చింతాకు పడే ఇళ్ళలో ఆకు కుళ్ళి గాడి పూడుకుపోతుంది. నీళ్ళు గట్టు దాటి పక్క అతుకులోకి పోతాయి. కొబ్బరి చీపురుతో కొప్పునుంచి కిందికి ఊడిస్తే చాలా ఇళ్ళలో కారడం ఆగిపోతుంది.

తర్వాత కొప్పు. అక్కడి సున్నమో సిమెంటో పగిలి ఉంటుంది. పగులు మీదే కొత్త సిమెంటు పూయడం దండగ. పట్టు లేక ఒక్క ఎండాకాలానికే పెచ్చులు లేస్తాయి. కదిలిన కొప్పు పెంకు ఎత్తి, పాత గార అంతా గీకేసి, మళ్ళీ కూర్చోబెట్టాలి. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు జల్లించిన ఇసుక కలపండి. సిమెంటు ఎక్కువేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, అది ఆరుతూ ముడుచుకుని పగులుతుంది. సున్నం ఉంటే కొంచెం సాగుతుంది. కొప్పు పెంకును బుడగలు ఆగేదాకా నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే గారలోని తడి అది పీల్చేసి గార పొడిపొడి అవుతుంది. గార రెండు అంచుల వెంట, అతుకు దగ్గర మాత్రమే పెట్టాలి. పెంకు లోపలి బోలు అంతా నింపేస్తే ఆ ముద్ద నీళ్ళు పీల్చుకుని వాన వెలిశాక కూడా కారుస్తూనే ఉంటుంది. తడి గోనె కప్పి అయిదారు రోజులు ఆరకుండా చూసుకోండి.

మూడోది గోడకు వాలు తగిలే చోటు. అక్కడ సిమెంటు పూత ఎన్నిసార్లు వేసినా పగులుతుంది, కప్పు చెక్క మీద కదులుతుంది, గోడ కదలదు. జింకు రేకు వంచి పెట్టడమే దారి. గోడలో అంగుళం లోతు గాడి కొట్టి, రేకు పైఅంచును అందులోకి మడిచి, గార నింపండి. రేకు గోడ మీద నాలుగంగుళాలు, పెంకుల మీద ఆరంగుళాలు రావాలి. పెంకుల మీది అంచుకు మేకు కొట్టొద్దు, వదులుగానే ఉండాలి.

రెండు వాలులు లోపలి మూలగా కలిసేచోట రేకు కాలువ ఉంటుంది. ఇంట్లో ఎక్కువ నీళ్ళు దిగేది అక్కడే. తుప్పుపట్టిన రేకుకు తారు పూసి ఒక వానాకాలం నెట్టుకురావచ్చు. మార్చేటప్పుడు కనీసం ఒకటిన్నర అడుగు వెడల్పు రేకు తీసుకుని, రెండు పక్కల అంచులు అరంగుళం పైకి వంచండి. కిందినుంచి పైకి, ఆరంగుళాలు అతుకుతో పరవాలి. మధ్యలో అయిదారంగుళాలు కాలువ తెరిచి ఉంచాలి, ఆకు పట్టేసేంత ఇరుకు చేయకూడదు.

ఇవేవీ కాకపోతే వాలు కొలవండి. అడ్డంగా రెండడుగులకు నిలువు అడుగు లేకపోతే గాలివానలో నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. వాసం మధ్యలో కుంగినా అంతే. పెంకులెన్ని మార్చినా లాభం లేదు, వడ్రంగిని పిలిచి వాసం సరిచేయించాలి.

పెంకుల మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయమని చెప్పేవాళ్ళుంటారు. పగులు కనబడకుండా పోతుంది, పెంకులు ఒకదానికొకటి అంటుకుని రేపు ఒక్కటి తీయబోతే మూడు పగులుతాయి. ఆ డబ్బుతో యాభై పెంకులు కొని దాచుకోవడం నయం. వాటిని గోడకు ఆనించి నిలువుగా పేర్చండి, పడుకోబెట్టి దొంతర వేస్తే అడుగువి విరుగుతాయి.

వాన మధ్యలో అత్యవసరంగా

పైకెక్కొద్దు. లోపల అటక మీదినుంచి చేతికందితే, పగులున్న పెంకు కింద నూనె డబ్బా చదునుచేసిన రేకు దూర్చండి. రేకు పైకొస పై పెంకు కిందికి పోవాలి, కిందికొస కింది పెంకు పైకి రావాలి. తలకిందులైతే నీళ్ళు నేరుగా ఇంట్లోకే. తార్పాలిన్ కప్పాలంటే వాన తెరిపిచ్చాక, కొప్పు దాటి అవతలి వాలు మీదికి వచ్చేలా వేసి, ఇసుక నింపిన గోనెసంచులు తాడుతో కట్టి రెండు వైపులా వేలాడదీయండి. రాళ్ళు పెడితే పెంకులే పగులుతాయి. సన్నని పగులును ఎం-సీల్‌తో పూడ్చొచ్చు, పెంకు పూర్తిగా ఆరి ఉంటేనే అంటుకుంటుంది.

నాటు పెంకులైతే

నాటు పెంకులకు గాడీ ముక్కూ ఉండవు, బరువుతోనే నిలుస్తాయి. పిల్లి పరుగెత్తినా జరుగుతాయి. కాబట్టి ఒక్కో పెంకు మార్చడం కన్నా ఏడాదికో రెండేళ్ళకో మొత్తం తిరగేయించుకోవడమే పద్ధతి. ఒక పక్కనుంచి నిలువు పట్టీలుగా దించి, దులిపి, చూరునుంచి పైకి మళ్ళీ పరుస్తారు. వెల్లకిలా వేసినవి నీటి కాలువ, వాటి సందుల మీద బోర్లా వేసినవి మూత. పెంకు మీద పెంకు మూడో వంతు రావాలి, ఖర్చు కలిసొస్తుందని దూరంగా పరిస్తే గాలివానకు మొదట అవే కారతాయి. కారేవి ఎక్కువగా వెల్లకిలా పెంకులే, పైనున్న మూత పెంకు మాత్రమే మార్చి దిగిపోయే పనివాణ్ణి మళ్ళీ ఎక్కించండి. తీసేటప్పుడు నూటికి పది పదిహేను పగులుతాయని లెక్కేసుకుని, అన్ని పెంకులు ముందే తెచ్చి పెట్టుకోండి. పెంకుల అడుగున తాటాకో రెల్లో పరిచి ఉంటే, పైది తీసినప్పుడే కుళ్ళిన మేర మార్చేయాలి. పనివాళ్ళకు ఒక రోజులో తిరిగి కప్పగలిగినంత మేరే విప్పమని చెప్పండి.