చలికాలంలో డెత్ వ్యాలీ ట్రిప్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న డెత్ వ్యాలీ నేషనల్ పార్క్ జోలికి ఎండాకాలంలో వెళ్లొద్దనే చెబుతాను. 1913 జులైలో అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. డిసెంబర్, జనవరి నెలల్లో మాత్రం తప్పకుండా వెళ్లండి. కాకపోతే ‘ఎడారే కదా’ అనుకుని సర్దుకున్న బ్యాగుతో వెళ్తే ఇబ్బంది పడతారు.

సమస్య: కింద టీషర్ట్ సరిపోయింది, కొండ మీద వణుకు పుట్టింది

కారణం ఎత్తు. ఉప్పు పేరుకున్న మైదానం బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంటుంది. దాన్ని పైనుంచి చూసే డాంటేస్ వ్యూ ఎత్తు 5,475 అడుగులు. రెండింటి మధ్య 8 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటుంది. ఓ డిసెంబర్‌లో నేను ఉప్పు నేల మీద హాయిగా తిరిగి, అదే పల్చటి చొక్కాతో పైకి వెళ్లాను. కారు డోరు తీయగానే గాలి దాన్ని చేతిలోంచి లాగేసింది. కాసేపటికే వేళ్లు కొంకర్లు పోయి, ఫోన్‌లో ఫొటో బటన్ నొక్కడమే కష్టమైంది. ఎదురుగా టెలిస్కోప్ పీక్ మీద మంచు, కింద పాలు ఒలికినట్టు ఉప్పు. అంత దృశ్యాన్ని వదిలేసి కార్లోకి పరుగెత్తాల్సి వచ్చింది.

పరిష్కారం: ఒక్క మందపాటి కోటు కాకుండా, వేసుకోవడానికి, తీయడానికి వీలుగా రెండు మూడు పొరల బట్టలు పెట్టుకోండి. గాలి ఆపే జాకెట్, టోపీ, గ్లౌజులు డిక్కీలో కాదు, సీటు మీదే ఉండాలి.

సమస్య: సగం చూడకుండానే చీకటి పడింది

డిసెంబర్‌లో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. పార్కేమో 34 లక్షల ఎకరాలు. అందుకే సూర్యోదయానికి జబ్రిస్కీ పాయింట్, మధ్యాహ్నం బ్యాడ్‌వాటర్, పొద్దు వాలే వేళకు రంగురంగుల కొండల మధ్య సాగే ఆర్టిస్ట్స్ డ్రైవ్ రోడ్డు పెట్టుకోండి. ఆ రంగురాళ్లు సాయంత్రపు వెలుతురులోనే మెరుస్తాయి. అమావాస్య దగ్గర్లో వెళ్తే చీకటి పడ్డాక కూడా ఉండండి, పాలపుంత కోసం.

సమస్య: చల్లగానే ఉంది, అయినా తలనొప్పి, పగిలిన పెదాలు

గాలి బాగా పొడిగా ఉంటుంది, చలికి దాహం తెలియదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కార్లో ఉంచుకుని, దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండండి.

సమస్య: గది దొరకడం లేదు

క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా రద్దీ ఎక్కువ. జనవరి మధ్యలో, వారం మధ్యలో చూడండి.

సమస్య: మ్యాప్ ఆగిపోయింది, రోడ్డు మూసేశారు, లేదా టైరు పోయింది

పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. జీపీఎస్ ఒక్కోసారి పనికిరాని దారి పట్టిస్తుంది. వరద వస్తే రోడ్లు కొట్టుకుపోతాయి: 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను దెబ్బకు పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో రోడ్ల పరిస్థితి చూసుకోండి, విజిటర్ సెంటర్లో కాగితం మ్యాప్ తీసుకోండి, ట్యాంకు నింపుకోండి.

ఇక రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు. నేల మీద రాళ్లు వాటంతటవే జరిగినట్టు కనిపించే గీతలు చూడాలని అందరికీ ఉంటుంది. కానీ యుబెహీబి క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం నుంచి అక్కడికి 27 మైళ్లు కంకర రోడ్డే, మొనదేలిన రాళ్లు టైర్లను చీల్చేస్తాయి. ఎత్తైన బండి, గట్టి టైర్లు, పూర్తి సైజు స్టెప్నీ లేకపోతే ఈసారికి మానుకోండి. ఎక్కడైనా బండి ఆగిపోతే మాత్రం దాన్ని వదిలి నడవొద్దు. వెతికేవాళ్లకు మనిషి కన్నా కారే త్వరగా కనబడుతుంది.