గ్రూపు ప్రాజెక్టులో పనంతా ఒకరిద్దరి మీదే పడినప్పుడు: ఆత్మపరిశీలన రాసుకునే పద్ధతి

ప్రాజెక్టు సమర్పించిన మూడు నాలుగు రోజులకు, కోపం కాస్త చల్లారి వివరాలు ఇంకా మరపున పడని సమయంలో, జరిగినదాని గురించి రాయడానికి కూర్చోవడం మంచిది. మర్నాడే రాస్తే అది ఫిర్యాదు పత్రంగా తయారవుతుంది. నెల గడిచాక రాస్తే "అందరం కలిసి బాగానే చేశాం" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాం.

ముందుగా తీర్పులను పక్కన పెట్టి, సంఘటనలను తేదీలతో సహా రాసుకోవాలి. "అతనికి బాధ్యత లేదు" అన్నది తీర్పు. "మంగళవారం ఇస్తానన్న భాగాన్ని శుక్రవారం రాత్రి పంపాడు, ఆలస్యమవుతుందని ముందుగా చెప్పలేదు" అన్నది సంఘటన. ఇందుకు జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా గ్రూపు చాట్‌ను మొదటి నుంచి చదవాలి. నలుగురం కలిసి చేసిన ఒక ప్రాజెక్టులో నివేదికంతా నేనే రాయవలసి వచ్చిందని చాలాకాలం బాధపడ్డాను. తీరా చాట్ తెరిచి చూస్తే, రెండో వారంలో మాలో ఒక అమ్మాయి "సర్వే విశ్లేషణ నేను చేయనా?" అని నన్ను అడిగినట్టు, పది నిమిషాలైనా గడవకముందే నేను "వద్దులే, నేను చూసుకుంటాను" అని బదులిచ్చినట్టు కనిపించింది. ఆ తర్వాత ఆమె తనంతట తానుగా ఏ పనీ అడగలేదు. నేనన్న ఆ మాట నాకు బొత్తిగా గుర్తులేదు. ఆమెకు గుర్తుండే ఉంటుంది.

తర్వాత పనుల జాబితా వేయాలి. నివేదిక రాయడం, స్లైడ్లు చేయడం వంటివి అందరికీ కనిపిస్తాయి. గడువులు గుర్తుచేయడం, నలుగురు నాలుగు రకాలుగా రాసినదాన్ని ఒకే శైలిలోకి తేవడం, అలిగినవారిని మళ్లీ మాట్లాడించడం వంటివి ఎవరి లెక్కలోకీ రావు. డాక్యుమెంటు వెర్షన్ హిస్టరీ కూడా టైపు చేసినవారినే చూపిస్తుంది గాని, పది వ్యాసాలు చదివి ఫోనులో సారాంశం చెప్పినవారిని చూపించదు. కనుక మీ వాటా లెక్క మీద కొంత అనుమానం ఉంచుకోవాలి. 1979లో మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే పరిశోధకులు ఇంటిపనుల్లో ఎవరి వాటా ఎంతని దంపతులను విడివిడిగా అడిగినప్పుడు, ఎక్కువ జంటల్లో ఇద్దరు చెప్పిన వాటాలూ కలిపితే నూటికి నూరును మించిపోయాయి. ఎవరు చేసిన పని వారికి తేలిగ్గా గుర్తుకు రావడం ఇందుకు ఒక ముఖ్య కారణమని వారు భావించారు.

అసలు శ్రమ పడవలసింది కారణాల దగ్గర. విద్యా పరిశోధకుడు గ్రాహం గిబ్స్ 1988లో ప్రతిపాదించిన ఆత్మపరిశీలన చక్రంలో వర్ణన, భావాలు, మూల్యాంకనం, విశ్లేషణ, నిర్ధారణ, కార్యాచరణ ప్రణాళిక అని ఆరు దశలున్నాయి. వర్ణనకు రెండు పేజీలు, విశ్లేషణకు రెండు వాక్యాలు కేటాయించడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటని నా అభిప్రాయం. పని చేయనివారు, చేయలేకపోయినవారు, చేసే అవకాశం దక్కనివారు బయటికి ఒకేలా కనిపిస్తారు గనుక ముందు ఆ ముగ్గురినీ విడదీసి చూడాలి. ఇష్టపూర్వకంగా తగ్గించుకున్న శ్రమకు కూడా పరిస్థితులు తోడవుతాయి. గుంపులో మనిషి ప్రయత్నం తగ్గుతుందని లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు 1979లో చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో గమనించారు; ఎవరి శ్రమ ఎంతో విడిగా తెలిసే వీలున్నప్పుడు ఆ తగ్గుదల కనబడదని వారి తర్వాతి ప్రయోగాల్లో తేలింది. మరి మీ గ్రూపులో ఏ భాగం ఎవరిదో స్పష్టంగా ఉందా? వెనకబడినవారిని ఎవరైనా నేరుగా అడిగారా, లేక వారు లేని ఇంకో చిన్న గ్రూపు పెట్టుకుని అక్కడ చర్చించుకున్నారా? గొడవే జరగలేదంటే, ఆ మౌనం గురించి కూడా రాయాలి.

ప్రణాళికలో "ఇకపై అందరితో బాగా మాట్లాడతాను" వంటి వాక్యం ఎందుకూ పనికిరాదు. ప్రతి భాగానికీ ఒక పేరు, ఒక తేదీ మొదటి సమావేశంలోనే రాసుకుంటామని, ఆలస్యమైన మర్నాడే నేరుగా అడుగుతామని రాయాలి. ఏమని అడుగుతారో కూడా రాసిపెట్టుకుంటే అప్పుడు నోరు పెగులుతుంది: "నీ భాగం నిన్న రావాలి కదా, ఏమైనా ఇబ్బంది వచ్చిందా? గురువారానికి కుదరకపోతే సగం నేను తీసుకుంటాను, మిగతా సగం నువ్వు ఎప్పటికి ఇవ్వగలవు?"

అధ్యాపకులకు ఇచ్చేదైతే, తోటివారి అనారోగ్యం, ఇంటి సమస్యలు వంటివి వారి అనుమతి లేకుండా అందులో రాయకూడదు. ఇచ్చే ముందు, మీకు ఎవరి మీద ఎక్కువ కోపం ఉందో వారే పక్కన కూర్చుని చదువుతున్నారని ఊహించుకుని మొత్తం ఒకసారి చదవండి. వారు "ఇది ఇలా జరగలేదు" అంటారనిపించిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ చాట్‌తో సరిచూసుకోవాలి.