పాత పికప్ ట్రక్కుకు సరైన బ్యాటరీ ఎంచుకోవడం ఎలా?

సెల్ఫ్ తిరగకపోతే అందరి కళ్లూ బ్యాటరీ మీదే పడతాయి. పాత బండిలో తప్పు బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ వైరుదో, ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో కూడా కావచ్చు. అందుకే డబ్బు పెట్టేముందు మల్టీమీటర్ పట్టుకోండి.

1. పాతదాన్ని పరీక్షించండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే చార్జ్ నిండా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. తక్కువుంటే పూర్తిగా చార్జ్ చేసి సెల్ఫ్ కొట్టి చూడండి. అప్పుడూ 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రాకపోతే ముందు చార్జింగ్ సంగతి తేల్చండి. లేదంటే కొత్త బ్యాటరీకీ అదే గతి పడుతుంది. వోల్టేజీ బాగున్నా సెల్ఫ్ నీరసంగా తిరిగితే, ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు గీకి చూడండి.

2. కొలతలు తీసుకోండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ట్రే పొడవు, వెడల్పుతో పాటు బానెట్ మూసినప్పుడు మిగిలే ఎత్తు కూడా కొలవాలి. ప్లస్ టెర్మినల్ బానెట్ రేకుకు తగిలితే షార్ట్ అయి నిప్పు అంటుకుంటుంది. చిన్న బ్యాటరీ పెట్టి క్లాంపు వదులుగా వదిలేస్తే, గతుకుల్లో అదిరి లోపలి ప్లేట్ల పదార్థం రాలిపోతుంది.

ప్లస్ ఏ వైపు ఉందో ఫొటో తీసుకోండి. కొన్ని మోడళ్ల పేరు చివర ఉండే ఎల్, ఆర్ అక్షరాలు చెప్పేది ఈ దిశనే. తేడా వస్తే కేబుల్ అందదు, లాగి బిగిస్తే ఎప్పుడో తెగుతుంది. టెర్మినళ్లలో లావువీ సన్నవీ ఉంటాయి. సన్నదానికి పెద్ద క్లాంపు బిగించి సందులో వైరు ముక్క దూర్చడం చెడ్డ అలవాటు, ఆ జాయింటు వేడెక్కి కాలుతుంది.

3. అంకెలు చూడండి. మాన్యువల్‌లో ఉన్న ఆంపియర్ అవర్ (బ్యాటరీ ఎంత చార్జ్ నిల్వ చేస్తుందో చెప్పే అంకె), సీసీఏ అంకెలకు తగ్గకూడదు. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో సీసీఏ చెబుతుంది. కంప్రెషన్ ఎక్కువ కాబట్టి డీజిల్ ఇంజిన్‌కి ఇది ఎక్కువే కావాలి. అంకె కాస్త పెద్దదైతే నష్టం లేదు, సెల్ఫ్ మోటారు తనకు కావలసినంతే లాక్కుంటుంది. అయితే ఎస్‌ఏఈ, డీఐఎన్ అనే రెండు ప్రమాణాల్లో సీసీఏ లెక్కలు వేరు, ఒకదాన్ని మరోదానితో పోల్చకండి. రెండు బ్యాటరీల డీజిల్ బండిలో రెండూ ఒకేసారి, ఒకే రకంవి మార్చండి. పాతది కొత్తదాన్నీ గుల్ల చేస్తుంది.

మరీ పాత బండ్లలో కొన్ని 6 వోల్టులవి, కొన్నిటిలో ప్లస్సే ఎర్త్, అంటే మైనస్‌కి బదులు ప్లస్ కేబుల్ బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా కొనకండి.

4. రకం. మామూలు యాసిడ్ బ్యాటరీ చాలు. ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే, మూసేసిన రకం) అదురును బాగా తట్టుకుంటుంది కానీ, చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే పాత రెగ్యులేటర్ 14.8 దాటించేస్తుంటే దాని జోలికి వెళ్లొద్దు. ఆవిరైన నీటిని అందులో తిరిగి పోయలేం.

5. కొనేటప్పుడు తయారీ తేదీ చూసి, అక్కడే మీటర్ పెట్టించండి. 12.4 కంటే తక్కువుంటే వేరేది అడగండి. విప్పేటప్పుడు ముందు ఎర్త్ వైపు కేబుల్, బిగించేటప్పుడు చివర అదే. అలా చేస్తే స్పానర్ బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు.