కర్తరి మొదలయ్యేలోపు వయొలెట్లకు చేసి పెట్టాల్సినవి

చెన్నైలో ఇంట్లో ఆఫ్రికన్ వయొలెట్ పూలమొక్కలు పెంచుకునేవాళ్ళు ఏప్రిల్ నెలాఖరులోపే ఒక పూట వాటికోసం పెట్టుకోండి. మే 4 ప్రాంతంలో చిన్న కర్తరి, 11కి పెద్ద కర్తరి, ఇక 28 దాకా మన చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడివాళ్ళు అగ్ని నక్షత్రం అనేది ఆ రోజుల్నే.

పోయిన ఏడాది మా వేళచ్చేరి ఫ్లాట్‌లో ఆరు కుండీలకు నాలుగు పోయాయి. ఎండకు మాడిపోయాయనే అనుకున్నాను. ఒకదాన్ని కుండీలోంచి తీసి చూస్తే మట్టి చల్లగా, తడిగా ఉంది, వేర్లు గోధుమరంగుకు తిరిగి వేలితో తాకగానే తోలు ఊడి వస్తున్నాయి. ఆకులు వాడుతున్నాయి కదా పాపం అని నేను రోజూ పోసిన నీళ్ళే వాటిని చంపాయి. అందుకే చెప్తున్నాను, మేలో వయొలెట్‌కి ఎండ ఎంత ప్రమాదమో మన జాలి అంతకంటే ప్రమాదం.

ఆఫ్రికా పేరు వినగానే వేడికి తట్టుకుంటుందిలే అనుకుంటాం. కానీ ఇది టాంజానియాలోని ఉసంబర కొండల్లో, చెట్ల నీడన, నాచు పట్టిన బండల మీద పెరిగే మొక్క. 1892లో అక్కడున్న సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి విత్తనాలు తన దేశానికి పంపితే అక్కణ్ణించి ప్రపంచమంతా పాకింది. దీనికి 18 నుంచి 26 డిగ్రీల మధ్య హాయి. 30 దాటి కొన్నాళ్ళు ఉంటే పూలు తగ్గిపోతాయి, మొగ్గలు విచ్చకుండానే ఎండుతాయి. ఇంకా వేడెక్కితే మొక్క ఎదుగుదల ఆగిపోతుంది, నీళ్ళు తాగడమూ తగ్గుతుంది. అప్పుడు మట్టి తడిగానే ఉంటుంది, పైన ఆకులు మాత్రం వేలాడతాయి. ఇక్కడే అందరం మోసపోతాం.

కాబట్టి ఆకును చూసి నీళ్ళు పోయకండి, కుండీని ఎత్తి చూడండి. నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీ అయితే తడిగా ఉన్నప్పుడు బరువు చేతికి తెలుస్తుంది, ఆరిపోయాక ఖాళీ కప్పు ఎత్తినట్టు తేలిపోతుంది, ఆ తేడా ఇప్పుడే నాలుగైదుసార్లు చూసి చేతికి అలవాటు చేసుకోండి. మధ్యాహ్నం మూడింటికి వాలిపోయి మర్నాడు పొద్దునకల్లా లేచి నిలబడితే అది వేడివల్లే, దాని జోలికి వెళ్ళొద్దు. పొద్దున్నే కూడా వాలి ఉండి కుండీ తేలిగ్గా ఉంటే నీళ్ళు కావాలి. పొద్దున్నే వాలి ఉండి కుండీ బరువుగా ఉంటే వేరు కుళ్ళు మొదలైనట్టే, మొక్క మొత్తం దక్కకపోవచ్చు, గట్టిగా ఉన్న ఆకులు రెండు మూడు తుంచి వెంటనే నాటుకోండి.

నీళ్ళు ఏవి పోస్తున్నారో కూడా చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్ళు, ఎండాకాలంలో ఉప్పు ఇంకా పెరుగుతుంది. కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర కడుతుంది, ఆకు కాడ ఆ అంచుకు ఆనుకున్న చోట నల్లబడి, చివరికి ఆకు అక్కడే విరిగి పడుతుంది. అంచును తడిగుడ్డతో తుడిచేయండి. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా ఎందుకని చాలామంది మొక్కలకు పోస్తారు, వయొలెట్లకు మాత్రం వద్దు, ఉప్పంతా చేరేది అందులోనే. తాగే ఆర్వో నీళ్ళు మంచివి. నేను ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచి వాడుతున్నాను. రాత్రంతా ఎందుకంటే, చల్లటి నీళ్ళు ఆకుమీద పడితే తెల్లటి మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. ఎప్పుడూ కింద పళ్ళెంలో పోసి, అరగంట తర్వాత మిగిలింది ఒంపేయండి. మొవ్వులో చుక్క నీరు నిలవకూడదు.

తూర్పు కిటికీ మంచిదే కానీ మేలో ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. మూడు నాలుగు అడుగులు లోపలికి జరిపి, కిటికీకి పల్చటి నూలు పంచె కట్టండి. పై అరల్లో ఉన్నవాటిని దించి నేలమీదకు తెచ్చేయండి, గదిలో వేడిగాలి పైకే చేరుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. తేమ నిలవడానికని పైన ప్లాస్టిక్ కవర్ కప్పే అలవాటుంటే ఈ నెలల్లో మానేయండి, లోపల ఉడికిపోతుంది.

ఉన్న పూలగుత్తులు తుంచేయడం మనసుకు కష్టమే, తెలుసు. అయినా తుంచండి, మొక్కకు ఆ బలం మిగులుతుంది. ఎరువు ఆపేయండి. కర్తరిలో మట్టి తవ్వకూడదని మా అమ్మమ్మ అనేది, కుండీ మార్చడానికీ అదే వర్తిస్తుంది: మార్చాలంటే మార్చిలోనే అయిపోవాలి. నర్సరీలో పూలతో ఊరిస్తున్నా ఇప్పుడు కొత్త మొక్క కొనొద్దు.

ఇంకో ముఖ్యమైన పని, ప్రతి మొక్కకూ ఒక ఆకు ఇన్సూరెన్స్. నడి వరుస ఆకు తుంచి, కాడ ఒక అంగుళం ఉంచి ఏటవాలుగా కోసి, తడిపి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు) కలిపిన చిన్న కప్పులో గుచ్చండి. నాలుగు వారాల్లో వేర్లు, రెండు మూడు నెలల్లో పిల్లలు. బెంగళూరులో బంధువులుంటే రెండు ఆకులు వాళ్ళకీ పంపండి. నాకు మిగలని ఊదారంగు వయొలెట్ మా వదిన దగ్గర్నుంచే తిరిగి వచ్చింది.

సెలవులకు నెల్లూరో విజయవాడో వెళ్ళేవాళ్ళు ఒత్తి పద్ధతి పెట్టుకోవచ్చు, అంటే కుండీ అడుగునుంచి ఒక తాడు కింది నీళ్ళ డబ్బాలోకి వదిలితే మట్టి దాంతో తడి పీల్చుకుంటుంది, అయితే నైలాన్ తాడే వాడండి, నూలు కుళ్ళిపోతుంది. మట్టిలో సగం పెర్లైట్ లేకపోతే ఒత్తితో బురదైపోతుంది. బయల్దేరడానికి వారం ముందే పెట్టి చూసుకోండి. పక్కింటివాళ్ళకు తాళం ఇస్తే, పళ్ళెంలో ఎన్ని నీళ్ళు, ఏ రోజు అన్నది కాగితంమీద రాసివ్వండి.

వేడికి పిండినల్లి, ఎర్రనల్లి కూడా వస్తాయి. వారానికోసారి ఆకుల అడుగు, కాడల మొదళ్ళు చూడండి. దూదిలా తెల్లగా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తీసేయండి. వేపనూనె ఎండ వేళ కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

28 దాటగానే మళ్ళీ పాతచోట పెట్టేయకండి. 2003లో నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది మే నెల చివర్లోనే. జూన్‌లో సాయంత్రం వానలు నాలుగైదు పడి, రాత్రి గది చల్లబడుతోందని మీకే తెలిశాక, మొవ్వులో కొత్త ఆకు వేలిగోరంత కనిపించాక, అప్పుడు పావు మోతాదుతో ఎరువు మొదలుపెట్టండి.