ఎండలు ముదరకముందే: డెబ్బై దాటినవాళ్లున్న ఇంట్లో జాగ్రత్తలు

డెబ్బై దాటాక దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గిపోతున్నా ఆ సంగతి దాహం రూపంలో బయటపడదు. కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరిచి నీటిని ఆపుకోలేవు. చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. వేడి కూడా సరిగా తెలియదు కాబట్టే రోహిణి కార్తెలోనూ కొందరు ఫ్యాన్ ఆపమంటారు, దుప్పటి అడుగుతారు. గోడకు గది థర్మామీటరు తగిలించి, అది చెప్పేదే వినండి.

నీళ్లు గడియారం చూసి ఇవ్వాలి. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా రెండు గంటలకోసారి 200 మి.లీ. గ్లాసు ఇస్తే సుమారు 1.4 లీటర్లు అవుతుంది. పల్చటి మజ్జిగ, రాగి అంబలి దీనికి అదనం. రాత్రిళ్లు బాత్రూంకి లేవాల్సి వస్తుందని చాలామంది పెద్దవాళ్లు చెప్పకుండానే నీళ్లు మానేస్తారు. అందుకే ఎక్కువ భాగం సాయంత్రంలోపే పూర్తిచేయించండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. రోజుకు ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగాలి.

అందరూ మరిచిపోయేది మందుల సంగతి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు ఎండల్లో ఒంట్లో ఉన్న కాస్త నీటినీ లాగేస్తాయి. అలాగని సొంతంగా ఆపకూడదు. ఏప్రిల్ రాకముందే మందుల చీటీ మొత్తం డాక్టరుకు చూపించి, విరేచనాలు, వాంతులు అయిన రోజు ఏ మాత్ర ఆపాలో రాయించుకోండి. ఇంట్లో బీపీ మిషను ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే కళ్లు తిరిగి పడే ప్రమాదముంది. అలాంటివాళ్లు మంచం అంచున కాసేపు కూర్చుని గానీ లేవకూడదు.

మేడమీది గదిలో శ్లాబు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఈ రెండు నెలలు పడక కిందికి మార్చండి. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలినే ఒంటిమీదికి తోస్తుంది. తడిబట్టతో చేతులు, మెడ, కాళ్లు తుడుస్తుండాలి. కూలర్ పెడితే కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి, లేదంటే ఉక్క పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా పడి ఉన్నా ‘వయసైపోయింది కదా’ అని వదిలేయకండి. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. గంటల్లో వచ్చిన తికమకకు నీరు తగ్గడమో, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవడమో, మూత్రంలో ఇన్ఫెక్షనో కారణం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తికమకతోపాటు ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోందని ధైర్యపడొద్దు. అంబులెన్సు వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి; చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఈ వేడికి పారాసిటమాల్ పనిచేయదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాడుతున్న మందులన్నీ ఒక సంచీలో వేసి వెంట పంపండి.